సెలవుల్లో లైబ్రరీ, మన పెద్దపిల్లలు
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ మైకు ముందుకు వచ్చినప్పుడు పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చెప్పి దిగిపోతాం. ఆ లెక్కలన్నీ ఈ నివేదికలోనే అచ్చయి ఉన్నాయి. ఈసారి మమ్మల్ని వేరే సంగతి చెప్పమన్నారు. మొన్న ఎండాకాలం సెలవుల్లో మా ఊరి శాఖా గ్రంథాలయంలో పెద్దపిల్లలతో జరిపిన శిబిరం గురించి. మైకు పట్టుకున్నది ఒక్కరే అయినా మాటలు మాత్రం మా పన్నెండు సంఘాలవీ అనుకోండి.

ముందు ఎండాకాలం సంగతి చూద్దాం. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు సెలవులు. చిన్నపిల్లలకు ఇబ్బంది లేదు. అమ్మమ్మ ఊరికి పోతారు, మామిడికాయలు తింటారు, ఆడుకుంటారు. పదమూడు నుంచి పద్దెనిమిది ఏళ్ల మధ్య పిల్లల సంగతే వేరు. మగపిల్లలు ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చుంటే అన్నానికి కూడా లేవరు. కొంతమంది ఆడపిల్లలు, మగపిల్లలు రొయ్యల షెడ్లకు కూలికి పోతారు. పదో తరగతి రాసిన ఆడపిల్ల ఇంట్లో ఖాళీగా కనపడితే, చుట్టాల నోట్లోంచి మొదట వచ్చే మాట సంబంధం మాట. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయకూడదని 2006 చట్టం చెప్తోంది. మనం సమావేశాల్లో ప్రతిజ్ఞ కూడా చేస్తున్నాం. అయినా మన ఊళ్లలో ముహూర్తాలు ఎక్కువగా పడేది ఈ సెలవుల్లోనే. ఆ ఏడు వారాలు పిల్ల ఏం చేస్తూ కనపడుతుంది అనే దాని మీద చాలా ఆధారపడి ఉంటుందని మేము గమనించాం.

మా ఊళ్లో లైబ్రరీ ఉంది. పొద్దున, సాయంత్రం తెరుస్తారు, శుక్రవారం సెలవు. పేపరు చదివే పెద్దమనుషులు, గ్రూప్ పరీక్షలకు చదివే ఇద్దరు ముగ్గురు మగపిల్లలు, ఇంతే అక్కడికి వెళ్లేది. ఎండాకాలంలో చిన్నపిల్లలకు వేసవి విజ్ఞాన శిబిరం పెడతారు, కథలు చెప్తారు, బొమ్మలు వేయిస్తారు. మంచిదే. కానీ ఎనిమిది, తొమ్మిది, పది చదివే వాళ్లు గుమ్మం దగ్గర నిలబడి చూసి పోయేవాళ్లు. ఎందుకు లోపలికి పోరని అడిగితే, "ఆ రంగులేసేది మాకెందుకు పిన్నీ, మేమేమన్నా చిన్నపిల్లలమా" అన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది.

ఈ లైబ్రరీ ఎవరిదని మా గ్రామ సంఘం సమావేశంలో చర్చ వచ్చింది. గవర్నమెంటుదని కొందరు, పంచాయతీదని కొందరు అన్నారు. గ్రంథపాలకులు వచ్చి ఇంటి పన్ను రసీదు తెచ్చుకొని చూడమన్నారు. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీల కోసం వసూలవుతుంది. 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. పన్ను వేసిన ప్రతి ఇంటి నుంచీ అది పోతోంది. అంటే మనం అన్నేళ్లుగా చందా కడుతూ, ఒక్కరోజు కూడా లోపలికి అడుగు పెట్టని సభ్యులమన్నమాట. ఆ మాటకు అందరూ నవ్వారు, కానీ ఆ తర్వాత లైబ్రరీ మన సొమ్మే అనే ధైర్యం వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. లైబ్రరీలకు మన తెలుగు నేల పెట్టింది పేరు. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్య గారిని గ్రంథాలయ పితామహుడు అంటారు. పాతూరి నాగభూషణం గారైతే 1935లో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ గట్టున ఉన్న ఊళ్లకు తీసుకెళ్లి ఇచ్చారు. మనిషి పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకాన్నే మనిషి దగ్గరికి పంపించిన వాళ్లు వాళ్లు.

మన సంఘాల పుట్టుక కూడా పుస్తకంలోనే ఉంది అక్కా. మాలో చాలామంది అప్పటికి ఉగ్గుపాలు తాగుతున్నారు, కొంతమంది పుట్టనే లేదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు రాత్రి బడిలో ఆడవాళ్లు సీతమ్మ కథ అనే పాఠం చదివారు. ఆ పాఠం చదివి దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మీదికి వెళ్లారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. సారా పోయాక మిగిలిన డబ్బు ఏం చేద్దామంటే, రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు, దాన్ని పొదుపులక్ష్మి అన్నారు. చదువు నుంచి ఉద్యమం, ఉద్యమం నుంచి పొదుపు. కాబట్టి పొదుపు సంఘానికి లైబ్రరీతో ఏం పని అని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

ఇక మేము ఏం చేశామో చెప్తాం. మార్చి నెల సమావేశంలోనే తీర్మానం రాసుకున్నాం. గ్రంథపాలకులు రెండు లైబ్రరీలకు ఇన్‌ఛార్జి కాబట్టి రోజూ ఉండలేరు. అందుకని రోజుకు ఇద్దరు సభ్యులు వంతుల ప్రకారం లైబ్రరీలో కూర్చోవాలని పెట్టుకున్నాం. టైము పొద్దున ఎనిమిది నుంచి పదకొండు. ఆడపిల్లలు వీధుల వారీగా గుంపుగా రావాలి, గుంపుగా పోవాలి, చివరి పిల్ల ఇల్లు చేరేదాకా ఆ రోజు వంతు వాళ్లదే బాధ్యత. ఈ ఒక్క షరతు వల్లే చాలామంది తల్లులు పంపించారు. లైబ్రరీలో మరుగుదొడ్డి లేదు. పక్కనే ఉన్న మా సభ్యురాలి ఇంట్లో ఏర్పాటు చేశాం. చిన్న సంగతిలాగే ఉంటుంది గానీ, అది లేకపోతే పెద్ద ఆడపిల్లలు రెండో రోజు నుంచి రారు.

మొత్తం ఇరవై ఆరుగురు పిల్లలు చేరారు. ఆడపిల్లలు పదిహేడు మంది, మగపిల్లలు తొమ్మిది మంది.

మొదటి రోజు వాళ్లకు ఏ పనీ చెప్పలేదు. తలా ఒక నోటు పుస్తకం ఇచ్చి, "మన ఊరి గురించి మీకు తెలుసుకోవాలని ఉన్నది ఒకటి రాయండి. సెలవులు అయ్యేలోపు దాన్ని నలుగురికీ చూపించే ఒక వస్తువుగా చేయాలి. పుస్తకం కావొచ్చు, పటం కావొచ్చు, ఆట కావొచ్చు, వీడియో కావొచ్చు" అన్నాం. అరగంట సేపు ఎవరూ కలం కదపలేదు. బడిలో వాళ్లకు ప్రశ్నలు వేసేది ఎప్పుడూ మాస్టార్లే. నువ్వే ప్రశ్న వెయ్యి అంటే పిల్లలకు బెరుకుగా ఉంటుంది. మాలో ఒకరు జాలిపడి ప్రశ్నలు అందించబోతే మిగతా వాళ్లం ఆపాం. మూడో రోజుకు గానీ ప్రశ్నలు రాలేదు. వచ్చాక చూడాలి మరి. మన ఊళ్లో బావులు ఎందుకు పూడ్చారు? మగ్గం పనిలో మాటలు మా బడి పుస్తకంలో ఎందుకు లేవు? వారం వడ్డీ వాళ్లు ఆదివారం కూడా ఎందుకు వస్తారు? ఉప్పు కయ్యల్లో పనిచేసే వాళ్ల కాళ్లు ఎందుకు పగులుతాయి?

రెండో వారంలో ఒక ఆదివారం అందరం బస్సెక్కి వేటపాలెం సారస్వత నికేతనం చూడటానికి వెళ్లాం. 1918లో పెట్టిన లైబ్రరీ అది. చేనేత ఊళ్లో అంత పెద్ద లైబ్రరీ ఉందని మాకే సరిగా తెలియదు. గాంధీగారి చేతికర్ర అక్కడ దాచి ఉంచారు. ఎన్నో ఏళ్ల కిందటి పత్రికలు వరసగా బైండు చేసి పెట్టారు. వాటి కోసం దూరాల నుంచి పరిశోధన చేసేవాళ్లు వస్తారు. చదివి పడేసే పేపరును ఇన్నేళ్లు ఎందుకు దాచారని ఒక పిల్లవాడు అడిగాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో వాళ్లలో వాళ్లే దాని గురించి మాట్లాడుకున్నారు. మనం చేసేది కూడా దాచేటట్టుగా చేయాలి అనుకున్నారు. ఆ రోజు నుంచి పనిలో తేడా కనపడింది.

బావుల పటం ఐదుగురు కలిసి చేశారు. నాలుగు చార్టులు అంటించి ఊరంతా గీశారు. మొత్తం ఇరవై మూడు బావులు లెక్క తేలాయి. పధ్నాలుగు పూడ్చేశారు, ఐదింట్లో ఉప్పునీళ్లు, నాలుగు మాత్రం ఇంకా మంచినీళ్లవి. పూడ్చిన వాటికి నల్ల గుర్తు, ఉప్పువాటికి ఎర్ర గుర్తు, మంచివాటికి నీలం గుర్తు పెట్టారు. దీని కోసం ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోవాల్సి వచ్చింది. ఒక బావి పేరు మీద ఇద్దరు తాతలు పోట్లాడుకుంటే పిల్లలు రెండు పేర్లూ రాశారు. ఆ పటం ఇప్పుడు మా గ్రామ సంఘం ఆఫీసు గోడకు ఉంది. మంచినీళ్ల గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా దాని ముందు నిలబడే మాట్లాడుతున్నాం.

ఉప్పు కయ్యల వీడియో చేసిన పిల్లవాడికి పదహారేళ్లు. ఫోను వదలడని వాళ్లమ్మ రోజూ ఏడ్చేది. ఆ ఫోనుతోనే తెల్లవారుజామున తండ్రి వెంట కయ్యలకు పోయి ఐదు నిమిషాల వీడియో తీశాడు. అందులో మాటలు తక్కువ. తండ్రి ఉప్పు లాగటం, కాళ్లు కడుక్కోవటం, పగుళ్లకు నూనె రాసుకోవటం, అంతే. చూసినాక వాళ్లమ్మ ఏమీ అనలేదు, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఫోను లాక్కోవటం కన్నా ఫోనుకు ఒక పని చెప్పటం మేలని మాకు అర్థమైంది.

తోలుబొమ్మలాట ఆడినవాళ్లు ఏడుగురు ఆడపిల్లలు. తోలు ఎక్కడ తెస్తారు, అట్టలు కత్తిరించి, మధ్యలో రంగు కాగితాలు అంటించి, తెల్ల పంచె వెనక బల్బు పెట్టారు. బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు మనకు పాత చుట్టాలే. పిల్లలు జుట్టుపోలిగాడిని వారం వడ్డీ కంపెనీ ఏజెంటుగా చేశారు. బంగారక్క కంతు కట్టలేక పొయ్యి వెనక దాక్కుంటుంది. కేతిగాడు అడుగుతాడు, "సంఘంలో తక్కువ వడ్డీకి దొరుకుతుంటే బయట ఎందుకు తెచ్చావ్ బంగారక్కా?" అని. బంగారక్క చెప్తుంది, "సంఘంలో అడిగితే నా కష్టం పదిమందికీ తెలుస్తుంది గదరా!" అప్పటిదాకా పగలబడి నవ్విన మా సభ్యులు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ఏ శిక్షణలోనూ మాకు ఎవరూ చెప్పని మాట అది. పదునాలుగేళ్ల పిల్లలు ఇంట్లో చూసి, విని, బొమ్మ నోట పలికించారు. తర్వాతి నెల సమావేశంలో ఇద్దరు సభ్యులు తమంతట తామే బయటి అప్పుల సంగతి విప్పి చెప్పారు. గ్రామ సంఘం వాళ్లకు అప్పు ఇచ్చి ఆ బాకీలు తీర్పించింది. ఆ ఇద్దరూ ఇప్పుడు ఈ హాల్లోనే కూర్చున్నారు, ఈ సంగతి చెప్పమన్నది కూడా వాళ్లే.

ఇక మగ్గం మాటల పుస్తకం. పదో తరగతి రాసిన ఒక అమ్మాయి చేసింది. వాళ్లది గుంటమగ్గం ఇల్లు. నాయనమ్మ కండెలు చుడుతుంది. పడుగు, పేక, నాడె, అచ్చు, గంజి పెట్టటం, ఇట్లా ఎనభై నాలుగు మాటలు రాసి, ఒక్కోదానికి బొమ్మ వేసి, ఆ మాటతో నాయనమ్మ చెప్పిన ఒక వాక్యం పెట్టింది. చదువు రాని నాయనమ్మ ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని బొమ్మలు చూసి మాటలన్నీ వరసగా చెప్పింది. ఆ సెలవుల్లోనే ఆ పిల్లకు సంబంధం చూస్తున్నారు. ప్రదర్శన రోజున పుస్తకం అందరూ చేతులు మార్చుకుని చూస్తుంటే వాళ్ల నాన్న ఒక పక్కన నిలబడ్డాడు. జూన్‌లో ఇంటర్ ఫీజు కట్టాడు. పెళ్లి మాట పూర్తిగా ఆగిపోయిందని మేము చెప్పం. ఈ ఏడాదికి కాలేజీకి పోతోంది, అంతవరకు నిజం. వచ్చే ఏడు కూడా పోయేటట్టు చూడటం మా పన్నెండు సంఘాల పని.

చివరికి ప్రదర్శన జరిపి, అన్నీ పెట్టాక గ్రంథపాలకులు ఒక బీరువాలో ఒక అర ఖాళీ చేయించారు. "మన ఊరి పిల్లల రచనలు" అని చీటీ అంటించారు. పెద్ద పెద్ద రచయితల పుస్తకాల పక్కన మా పిల్లల పుస్తకాలు ఉన్నాయి. చుట్టాలు వస్తే పిల్లలే తీసుకొచ్చి చూపిస్తున్నారు.

ఖర్చు కూడా చెప్పాలి, లేకపోతే మన సమావేశం అనిపించదు. గ్రామ సంఘం సొంత ఆదాయం నుంచి 3,000 రూపాయలు తీర్మానం చేశాం. చార్టులు, అట్టలు, జిగురు, రంగులు 1,120. నోటు పుస్తకాలు, జిరాక్సులు, బైండింగు 540. మజ్జిగ, మంచినీళ్ల క్యాన్లు 680. ప్రదర్శన రోజు మైకు 300. మొత్తం 2,640. మిగిలిన 360 తిరిగి జమ చేశాం. బస్సు ఛార్జీలు ఎవరి పిల్లలవి వాళ్లు పెట్టుకున్నారు. ఇద్దరికి లేకపోతే వీధి వాళ్లు వేసుకున్నారు.

ఇప్పుడు మనసుకు కష్టమైన సంగతి ఒకటి. ఇరవై ఆరుగురిలో ఇరవై ఒక్క మందే చివరిదాకా ఉన్నారు. ఆగిపోయిన వాళ్లలో ఒక అమ్మాయి అందరికన్నా మంచి ప్రశ్న వేసింది. సముద్రంలో చేపల పేర్లు బడిలో చెప్పేవి, ఇంట్లో అనేవి ఎందుకు వేరుగా ఉంటాయని. పది రోజులు వచ్చి తర్వాత రొయ్యల షెడ్డుకు పోయింది. మేము ఇంటికి వెళ్లాం. వాళ్లమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చి ఒకటే అంది. "లైబ్రరీకి పంపితే మంచిదని నాకూ తెలుసు వదినా. వాళ్ల నాన్న మంచంలో ఉన్నాడు. దాని కూలితోనే మందులు." ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాం. ఆ ఇంటికి సంఘం నుంచి ఆరోగ్యం కింద అప్పు ఇప్పించాం. జూన్‌లో పిల్ల బడికి తిరిగి వచ్చింది. ఆమె నోటు పుస్తకం ముప్పై ఒక్క చేపల పేర్ల దగ్గర ఆగి ఉంది. అది కూడా ఆ బీరువాలోనే పెట్టాం, ఖాళీ పేజీలతో సహా. ఎప్పుడైనా వచ్చి పూర్తి చేసుకోవచ్చని ఆమెకు చెప్పాం.

అందుకే ఈ సభ ముందు మా గ్రామ సంఘం కొన్ని కోరికలు పెడుతోంది.

ఒకటి, లైబ్రరీ ఉన్న ప్రతి ఊళ్లోనూ వచ్చే సెలవుల్లో గ్రామ సంఘం తరఫున పెద్దపిల్లల శిబిరం జరపాలి. లైబ్రరీ లేని ఊరి పిల్లల్ని పక్క ఊరి సంఘం కలుపుకోవాలి.

రెండు, పొద్దున పూటతో పాటు సాయంత్రం నాలుగు నుంచి కూడా పెట్టాలి. కూలికి పోయే పిల్లలకు ఆ టైమే వీలు.

మూడు, ఫస్టు, సెకండు, థర్డు బహుమతులు వద్దు. మేము పెట్టలేదు. అందుకే మార్కులు తక్కువ వచ్చే పిల్లలు కూడా ధైర్యంగా చేశారు. అందరి పనీ చూపించాలి, అందరి పేరూ చదవాలి.

నాలుగు, పిల్లల పనిలో మనం చెయ్యి పెట్టకూడదు. గీత వంకరగా ఉంటే వంకరగానే ఉండనివ్వండి. అడిగితే చెప్పాలి, లేకపోతే మజ్జిగ కలిపి ఇవ్వాలి.

ఐదు, సెలవులకు ముందే ఏ ఇంట్లో పిల్ల కూలికి పోవాల్సి వస్తుందో, ఏ ఇంట్లో సంబంధం మాట నడుస్తోందో సంఘం వారీగా చూసుకోవాలి. ఆ ఇళ్లకు అప్పు గానీ, మాట సాయం గానీ ముందు అందాలి. శిబిరం ఆ తర్వాతే మొదలుపెట్టాలి.

అక్కల్లారా, మనం పదో తరగతి దగ్గర, ఏడో తరగతి దగ్గర, కొందరం అసలు బడి గుమ్మం ఎక్కకుండానే ఆగిపోయిన వాళ్లం. తీర్మానాల పుస్తకంలో సంతకం పెట్టటం సంఘంలోకి వచ్చాకే నేర్చుకున్న వాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. మన పిల్లల పేరు లైబ్రరీ పుస్తకం అట్ట మీద చూసుకునే రోజు వస్తుందని మనం ఎన్నడూ అనుకోలేదు. మా ఊళ్లో ఇరవై ఒక్క పేర్లు ఉన్నాయి. మీ ఊళ్ల పేర్లు కూడా వచ్చే ఏడాది నివేదికలో చదవాలని మా ఆశ.

ఈ తీర్మానం మీద చర్చించి ఆమోదించాలని సమాఖ్యను కోరుతున్నాం.